సీపీఆర్ మాస్క్ కొంటున్నారా? ముందు ఊది చూడండి

సీపీఆర్ అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి, నోటితో ఊపిరి ఊదడం. అలా ఊదేటప్పుడు మధ్యలో అడ్డంగా పెట్టుకునేదే ఈ మాస్క్. కోవిడ్ వచ్చి వెళ్లాక ఈ వస్తువు పేరు చెప్పి అడగడమే కష్టమైపోయింది. విశాఖ మహారాణిపేటలో ఒక సర్జికల్ షాపుకి వెళ్లి "ఫేస్ షీల్డ్ కావాలండీ" అన్నాను. కౌంటర్లో కుర్రాడు నుదుటికి తగిలించుకునే ప్లాస్టిక్ అద్దం తీసిచ్చాడు. "అది కాదు బాబూ, సీపీఆర్ చేసేటప్పుడు నోటి మీద పెట్టి గాలి ఊదేది" అంటే లోపలికెళ్లి నెబ్యులైజర్ మాస్క్ పట్టుకొచ్చాడు. "ఇదే సార్, అందరూ ఇదే తీసుకెళ్తారు." దానికి రెండు పక్కలా చిల్లులుంటాయి, మనం ఊదిన గాలి సగం అక్కడే పోతుంది. చివరికి ఓనరుగారు లేచి, వెనక ర్యాకులోంచి దుమ్ముపట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా తీశారు. అసలు వస్తువు అదే. తిప్పి చూస్తే గడువు దాటిపోయి ఉంది.

కాబట్టి షాపులో "పాకెట్ మాస్క్, వన్‌వే వాల్వ్ ఉన్నది" అని అడగండి. వన్‌వే వాల్వ్ అంటే మన ఊపిరిని అవతలికి పోనిచ్చి, అవతలిది మన నోటికి రానివ్వనిది. ఫోన్లో బొమ్మ చూపిస్తే ఇంకా మంచిది. ఏది కొనాలి, కొన్నదాన్ని ఇంట్లో ఎలా పరీక్షించాలి, చేతికి ఎలా అలవాటు చేసుకోవాలి అన్నది కింద రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడర్‌ని. ఈ మాస్కులతో మనిషి ఆకారంలో ఉండే శిక్షణ బొమ్మల మీద ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నవాణ్ని.

మాస్క్ లేదని ఆగిపోకండి

కొనే ముందే ఈ సంగతి తేల్చుకోవాలి. ఎదురుగా ఒక మనిషి కుప్పకూలితే భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకడం లేదు, ఊపిరి లేదు, లేదా చేప నోరు తెరిచినట్టు అప్పుడొకటి అప్పుడొకటి ఎగశ్వాస వస్తోంది. ఆ ఎగశ్వాసని చూసి "ఊపిరి ఆడుతోందిలే" అనుకునేవాళ్లు చాలామంది. అది ఊపిరి కాదు. ఒకరిని 108కి ఫోన్ చేయమనండి, మీరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. పెద్దవాళ్లకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. శిక్షణ లేని మామూలు జనం కోసం ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ పెట్టిన పద్ధతిలో నోటితో ఊదడం అసలు లేదు, నొక్కడం ఒక్కటే. మాస్క్ కోసం బ్యాగు వెతుకుతూ ఆ నొక్కుడు ఆపేస్తే మాస్క్ మేలు చేయకపోగా కీడు చేసినట్టే.

మరి మాస్క్ ఎందుకంటారా? విశాఖలో ఉంటూ ఆ ప్రశ్న అడగక్కర్లేదు. ఆర్కే బీచ్‌లోనో, రుషికొండలోనో, యారాడలోనో అలకి దొరికిపోయినవాడికి మొదట ఆగేది ఊపిరి. ఒంట్లో ఆక్సిజన్ అయిపోయాకే గుండె ఆగుతుంది. ఆక్సిజన్ లేని రక్తాన్ని ఎంత నొక్కి తిప్పినా ప్రయోజనం తక్కువ. అందుకే నీట మునిగినవాళ్ల విషయంలో శిక్షణ ఉన్నవాళ్లు ముందు ఊపిరి ఇచ్చి, ఆ తర్వాతే నొక్కడం మొదలుపెట్టాలంటారు. మొదట రెండు ఊపిరులని అమెరికా పద్ధతి, ఐదని యూరప్ పద్ధతి. మీకు నేర్పినవారు ఎలా చెప్తే అలాగే చేయండి. చిన్నపిల్లల్లోనూ గుండె ఆగడానికి ఎక్కువగా ఊపిరి సమస్యే కారణం. ఇలాంటి చోట నోటికి నోరు పెట్టడానికి మనిషి వెనకాడతాడు. ఉప్పునీరు, నురగ, వాంతి కనబడుతుంటే ఎవరికైనా జంకే. సీపీఆర్ వల్ల జబ్బు అంటుకోవడం నిజానికి చాలా అరుదు. అయినా ఆ జంకు పోవాలంటే మధ్యలో ఒక ప్లాస్టిక్ గోడ ఉండాలి.

మునిగినవాణ్ని బోర్లా వేసి పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం మన తీరంలో ఇంకా కనబడుతుంటాయి. నీళ్లు కక్కించాలని చూస్తే సమయం పోతుంది, పైగా పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆ పని చేయకండి, చేయనివ్వకండి.

ఏ రకం కొనాలి

బజారులో దొరికేవి మూడు రకాలు. కీచైన్ సంచిలో మడిచిపెట్టిన పల్చటి ప్లాస్టిక్ షీటు ఒకటి. మధ్యలో చిన్న వాల్వో, ఫిల్టరు గుడ్డో ఉంటుంది. రెండోది పాకెట్ మాస్క్: గట్టి గోపురం, చుట్టూ గాలి నింపిన మెత్తటి అంచు, పైన ఊదే గొట్టం. మూడోది అంబులెన్సులో కనబడే అంబూ బ్యాగ్. ఈ మూడోదాని జోలికి వెళ్లకండి. ఒక చేత్తో మాస్క్ అదిమిపట్టి రెండో చేత్తో సంచి పిండటం రోజూ ఆ పని చేసేవాళ్లకే కుదురుతుంది.

షీటు చవక, జేబులో పడుంటుంది. ఏమీ లేనిదానికంటే నయమే. కానీ దాన్ని పెట్టినా ముక్కు మీరే మూయాలి, పెదవులు మీరే ఆనించాలి. గాలికి ఎగురుతుంది. బీచ్‌లో సాయంత్రం గాలికి ఆ షీటు పరిచి చూడండి, నేనేం చెప్తున్నానో తెలుస్తుంది. ఏ వైపు పైకో, ఏ వైపు కిందికో కంగారులో కనబడదు.

పాకెట్ మాస్క్ ధర కొన్ని వందల్లో మొదలై, బ్రాండుని బట్టి వెయ్యి దాటుతుంది. ముక్కూ నోరూ రెండూ దాని కిందకి వస్తాయి కాబట్టి ముక్కు మూయాల్సిన పని లేదు. రెండు చేతులూ దవడ పైకెత్తడానికి ఖాళీగా ఉంటాయి. నన్నడిగితే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదికి, ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ పెట్టెకి, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచే బృందంలో ఒకరి బ్యాగుకి ఇదే కొనాలి. షీటు బండి తాళాలకి తగిలించుకోండి, అంతే.

షాపులోనే చూడాల్సినవి

ముందు డబ్బా మీద అక్షరాలు చదవండి. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు, తయారీదారు చిరునామా ఉండాలి. ఇవేవీ లేకుండా "సీపీఆర్ మాస్క్" అని స్టిక్కరు మాత్రమే ఉంటే పక్కన పెట్టేయండి.

తర్వాత వెలుతురులో పట్టి చూడండి. గోపురం అద్దంలా కనబడాలి. అవతలి మనిషి పెదాల రంగు, నోట్లోకి వస్తున్న వాంతి మీకు పైనుంచే కనబడాలి. పసుపుపచ్చగా మారినవి, పొగమంచు పట్టినట్టున్నవి వద్దు.

గొట్టం కొలత అడగండి. ఈ మాస్కులకి, అంబూ బ్యాగులకి 15, 22 మిల్లీమీటర్ల కొలతలు ప్రపంచమంతా ఒకటే. ఆ కొలత ఉంటే 108 సిబ్బంది వచ్చాక మీ వాల్వ్ తీసేసి తమ బ్యాగు అదే మాస్కుకి తగిలించుకోవచ్చు. కొన్ని చవక మాస్కులకి ఈ కొలత ఉండదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అడిగి, కాగితంలో చదివి తీసుకోండి.

ఆక్సిజన్ గొట్టం పెట్టే చిన్న ముక్కు కొన్నింటికి పక్కన ఉంటుంది. మనం వదిలే గాలిలో ఆక్సిజన్ 16, 17 శాతమే. బయటి గాలిలో 21. ఆ ముక్కుకి నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెడితే అవతలి మనిషికి అందేది దాదాపు 50 శాతానికి పెరుగుతుంది. సిలిండర్ ఉన్న ఫ్యాక్టరీలకి ఇది పనికొస్తుంది, ఇంటికి అక్కర్లేదు. ఉన్నట్టయితే దాని మూత ఉందో లేదో చూడండి. మూత పోయిందంటే ఊదిన గాలి అందులోంచి సుయ్‌మని పోతుంది, బొటనవేలు అక్కడే అడ్డం పెట్టుకుని కూర్చోవాలి.

విడిగా వాల్వులు అమ్ముతారా అనేది కూడా అడగండి. వాల్వూ ఫిల్టరూ ఒక మనిషికే, వాడాక పారేయాలి. విడిగా దొరకని మాస్క్ ఒక్కసారికే పనికొస్తుంది.

ఇంట్లో చేసే మూడు పరీక్షలు

మొదటిది అంచు. బొటనవేలితో నొక్కండి. పొంగిన పూరీలా మెత్తగా దిగి వెంటనే లేవాలి. రాయిలా బిగుసుకుంటే ముఖం వంపులకి ఆనదు. చప్పగా పడిపోతే అదిమినా గాలి కారుతుంది. కొన్నింటికి అంచులో గాలి నింపుకునే చిన్న మూత ఉంటుంది. తర్వాత బకెట్‌లో నీళ్లు పోసి, వాల్వ్ తీసేసి, మాస్క్ ముంచి అంచుని అంగుళం అంగుళం పిండండి. సైకిల్ ట్యూబ్‌కి పంక్చర్ వెతికినట్టే. బుడగలు వస్తే షాపుకి తిరిగిచ్చేయండి.

రెండోది వాల్వ్. అసలు పరీక్ష ఇదే, చాలామంది చేయనిదీ ఇదే. వాల్వుని మాస్క్ నుంచి ఊడదీయండి. కూరగాయల పల్చటి కవరు ఒకటి తీసుకుని, దాని మూతిని వాల్వుకి రోగివైపు ఉండే చివర చుట్టి వేళ్లతో బిగించి పట్టుకోండి. ఇప్పుడు మీ నోటివైపు నుంచి ఊదండి. కవరు తేలిగ్గా ఉబ్బాలి. బుగ్గలు నొప్పెట్టేలా ఊదాల్సి వస్తే లోపలి పొర అతుక్కుపోయి ఉన్నట్టు, లేదా ఫిల్టరు మరీ దట్టమైనది. నోరు తీసి, గొట్టం ముందు టిష్యూ పేపర్ పేలిక ఒకటి వేలాడదీసి, కవరుని మెల్లగా పిండండి. గాలి వాల్వ్ పక్క సందుల్లోంచి పోవాలి, లేదా కవర్లోనే ఉండిపోవాలి. టిష్యూ కదిలిందా, ఆ వాల్వ్ పేరుకే వన్‌వే. అవతలి మనిషి దగ్గు, వాంతి, రక్తం తిన్నగా మీ నోటికే వస్తాయి.

మీరు ఊదిన ఈ వాల్వ్ ఇక ప్రాక్టీసుకే. మార్కర్‌తో దాని మీద గుర్తు పెట్టి పక్కన ఉంచండి. పెట్టెలో కొత్తది పెట్టండి. అందుకే వాల్వులు విడిగా కొనమన్నాను. కొత్తదాన్ని ఊదకుండా కంటితో చూడండి: పొర వంకర పోలేదా, చిరుగు లేదా, బిగువుగా కూర్చుందా.

మూడోది గడియారం. డబ్బా మూసి ఉన్న స్థితి నుంచి మాస్క్ ముఖం మీదికి వచ్చేదాకా ఎంతసేపు? డబ్బాలో మాస్క్ నొక్కి మడిచి ఉంటుంది. గోపురాన్ని బొటనవేళ్లతో బయటికి నెట్టాలి, వాల్వ్ కవరు చింపి గొట్టానికి బిగించాలి. మొదటిసారి నాకు అర నిమిషం దాటింది. ప్లాస్టిక్ కవరుని పళ్లతో చింపాను. తర్వాత ఏం చేశానంటే, ఆ కవరుకి ఒక మూల ముందే చిన్న గాటు పెట్టి టేపు అంటించాను. ఇప్పుడు పది సెకన్లలోపే. పది ఎందుకంటే, ఊపిరి ఇవ్వడం కోసం ఛాతీ నొక్కడం ఆపే వ్యవధి పది సెకన్లు దాటకూడదు. ఇద్దరుంటే ఒకరు నొక్కుతూనే ఉండాలి, రెండోవారు మాస్క్ విప్పాలి. ఇంట్లోవాళ్లతో కూడా తీయించి చూడండి. మా ఆవిడకి డబ్బా గొళ్లెం అసలు రాలేదు, అంత బిగువుగా ఉంది. ఆ డబ్బా మానేసి జిప్ పౌచ్‌లోకి మార్చాను.

చేతికి అలవాటు చేసుకోవడం

బొమ్మ లేకుండా ఇది రాదు. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఇస్తాయి. వెళ్లేటప్పుడు మీ మాస్కే తీసుకెళ్లండి, ప్రాక్టీస్ వాల్వ్ తగిలించి. బాగున్న మనిషి మీద ఊది నేర్చుకోవడం మాత్రం వద్దే వద్దు.

మాస్క్ సన్నటి కొస ముక్కు దూలం మీద, వెడల్పు వైపు కింది పెదవికీ గడ్డానికీ మధ్య గుంటలో. ముందు గడ్డం గుంటలో ఆనించి తర్వాత ముక్కు మీదికి వాల్చితే నాకు బాగా కూర్చుంటుంది. ఒంటరిగా ఉంటే మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. తలవైపు చేతి బొటనవేలు, చూపుడువేలు మాస్క్ పై అంచు మీద. రెండో చేతి బొటనవేలు కింది అంచు మీద, మిగతా వేళ్లు గడ్డం ఎముక కింద. తల వెనక్కి వాల్చి గడ్డం పైకెత్తండి. ఇక్కడే అందరూ పొరబడేది. మాస్కుని ముఖం మీదికి గట్టిగా అదుముతారు, దాంతో గడ్డం కిందికి దిగి గొంతు మూసుకుంటుంది. మాస్కుని ముఖం మీదికి తోయడం కాదు, దవడని మాస్కులోకి ఎత్తడం. ఇది తెలిసేదాకా బొమ్మ ఛాతీ లేవదు.

ఒక్కో ఊపిరి సెకను పాటు, ఛాతీ కొద్దిగా లేచేంత మాత్రమే. 30 సార్లు నొక్కి రెండు ఊపిరులు. బెలూన్ ఊదినట్టు ఊదితే గాలి పొట్టలోకి వెళ్లి వాంతి తెస్తుంది. ఛాతీ లేవకపోతే తల మళ్లీ సరిచేసి ఇంకోసారి ప్రయత్నించండి. రెండు ప్రయత్నాలు అయ్యాక, లేచినా లేవకపోయినా, నొక్కడానికి వెళ్లిపోవాలి.

కొన్ని ముఖాలు లొంగవు. గడ్డం ఒత్తుగా ఉంటే అంచు కింద వెంట్రుకల్లోంచి గాలి కారుతుంది. ఆ పక్క వేళ్లు ఇంకాస్త బిగించాలి. ముసలివాళ్ల కట్టుడు పళ్లు బిగువుగా ఉంటే తీయకండి, అవి ఉంటేనే బుగ్గలు లోపలికి పోకుండా మాస్క్ ఆనుతుంది. వదులైతే తీసేయాలి. నోట్లో ఖైనీ, కిళ్లీ, మన జాలరిపేటల్లో పెద్దావిడలైతే అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే) చుట్ట ముక్క ఉండొచ్చు. కంటికి కనబడితే తీయండి, కనబడనిదాని కోసం వేళ్లు లోపలికి పెట్టొద్దు. నీళ్లలోంచి తెచ్చినవాళ్ల ముఖం తడిగా, ఇసకగా ఉంటుంది, మాస్క్ జారిపోతుంది. తువ్వాలుతో ఒక్క తుడుపు చాలు. నోట్లోంచి నురగ వస్తూనే ఉంటుంది, దాన్ని తుడుస్తూ కూర్చోకండి, దాని మీదే ఊదండి. వాంతి వస్తే మాత్రం పక్కకి తిప్పి, నోరు శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఫిల్టరు తడిసి ఊపిరి పోకపోతే వాల్వ్ మార్చండి, లేదా ఊదడం మానేసి నొక్కుతూ ఉండండి.

పసిపిల్లలకి పెద్దల మాస్క్ ఎలా వాడాలో, అసలు వాడొచ్చో లేదో కొన్ని కంపెనీల కాగితంలో ఉంటుంది. కొనగానే ఆ కాగితం చదివి డబ్బాలోనే పెట్టండి.

ఫ్యాక్టరీల వైపు ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. గ్యాస్ పీల్చి పడిపోయినవాణ్ని చూసి పరిగెత్తి లోపలికి వెళ్లకండి, పురుగుమందు తాగినవాళ్ల నోటికి నోరు పెట్టకండి. హైడ్రోజన్ సల్ఫైడ్, సైనైడ్ లాంటివాటికి ఈ చిన్న వాల్వ్ అడ్డు కాదు. చోటు సురక్షితమని తేలాక నొక్కడం ఒక్కటే చేయండి.

ఎక్కడ పెట్టాలి

నా మొదటి మాస్కుని స్కూటీ డిక్కీలో పెట్టాను. ఎప్పుడూ దగ్గరే ఉంటుందని గొప్ప ఆలోచన. రెండు వేసవులు గడిచాక ఒక శిక్షణ రోజున తీస్తే అంచు అప్పడంలా బిగుసుకుపోయి ఉంది, వాల్వ్ లోపలి పొర అతుక్కుని ఊదితే టప్ మంది. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు రెండూ ఒకటే. మన ఊరి చెమట గాలికి చేతి తొడుగులు కూడా పెట్టెలో ఒకదానికొకటి అంటుకుపోతాయి. కాబట్టి బ్యాగులో, గోడకి తగిలించిన సంచిలో, నీడపట్టున పెట్టండి. మాస్కుతోపాటు ఒక జత తొడుగులు, ఒక అదనపు వాల్వ్, చిన్న తువ్వాలు.

నిజంగా వాడాల్సి వస్తే, తర్వాత వాల్వూ ఫిల్టరూ తొడుగులూ అంబులెన్స్ సిబ్బందికి ఇచ్చేయండి, వాళ్ల దగ్గర దానికి వేరే సంచి ఉంటుంది. గోపురాన్ని సబ్బు నీళ్లతో కడిగి, కంపెనీ కాగితంలో చెప్పిన మందుతో శుభ్రం చేసి నీడలో ఆరబెట్టండి. వేడినీళ్లలో మరిగించొద్దు. రక్తం మీ పెదాలకో కళ్లకో తగిలిందనిపిస్తే బాగా కడుక్కుని, అదే రోజు డాక్టరుకి చెప్పండి.

మూడు నెలలకోసారి డబ్బా తెరిచి అంచు నొక్కి చూడండి. వాచ్‌మన్ గదిలో ఉన్న మాస్క్ డబ్బా మూత లోపలివైపు, చూసిన తేదీని నేను మార్కర్‌తో రాస్తాను. వాల్వ్ గడువు బయటివైపు పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, వాచ్‌మన్‌కి కూడా కనబడేలా. పోయినసారి నాకంటే ముందు అతనే చూసి చెప్పాడు, "సార్, డేటు దగ్గర పడింది, కొత్తది తెప్పించండి" అని.